షాంపేన్ పక్కన ఏం నంజుకోవాలి? పాలకొల్లు ప్రాజెక్టు డైరీ

ఆషాఢం చివర

సీసా ప్రస్తుతం మా ఆక్వా ల్యాబ్‌లో, పాత బీఓడీ ఇన్‌క్యుబేటర్‌లో (లోపలి టెంపరేచర్‌ని పెట్టినచోటే నిలిపే పెట్టె) అడ్డంగా పడుకుని ఉంది. టెంపరేచర్ 12 డిగ్రీల దగ్గర పెట్టాను. రొయ్యల చెరువు నీళ్లు పరీక్ష చేసే చోట ఫ్రెంచి షాంపేన్ ఏమిటని మా కుర్రాళ్లు నవ్వుకుంటున్నారు గాని, పాలకొల్లులో వైన్ దాచడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. ఇంట్లో ఫ్రిజ్ మరీ చల్లన, పైగా పొద్దస్తమానం ఎవరో ఒకరు తలుపు తీస్తూనే ఉంటారు. గదిలో పెడదామంటే వర్షం పడ్డ రోజున కూడా ఉక్కే. వెలుతురూ షాంపేన్‌కి పడదు, ఎక్కువసేపు తగిలితే గంధకం వాసన పుడుతుంది. అందుకే ఇన్‌క్యుబేటర్ అద్దం తలుపుకి నల్ల కవరు అంటించాను. ఇన్వర్టర్ ఎలాగూ ఉంది కాబట్టి కరెంటు పోయినా టెన్షన్ లేదు.

అక్కా బావగారూ ఫ్రాన్స్‌లో ఉంటారు. మొన్న సెలవులకి వచ్చినప్పుడు తెచ్చిన సీసా ఇది. షాంపేన్ సీమలో ఎపర్నే పట్టణానికి దక్షిణాన కోట్ దె బ్లాంక్ అనే సుద్దనేల వాలు ఉంది. ఆ వాలులో ల మెనిల్-సుర్-ఓజే అనే చిన్న ఊళ్లో, సొంత తోట ఉన్న ఒక రైతు దగ్గర కొన్నారట. బ్లాంక్ దె బ్లాంక్ రకం, అంటే నల్ల ద్రాక్ష కలపకుండా తెల్ల ద్రాక్షతోనే చేసినది. ఇందులో షార్డొనే ఒక్కటే. 2012 పంట. వెనక లేబుల్ మీద మడ్డి (అడుగున చేరే చచ్చిన ఈస్టు) తీసిన నెల 2020 మార్చి అనీ, చక్కెర లీటరుకు 4 గ్రాములనీ ఉంది. 6 గ్రాముల లోపైతే ఎక్స్‌ట్రా బ్రూట్ అంటారు. తీపి దాదాపు లేనట్టే.

మేనకోడలి నిశ్చితార్థం ఆశ్వయుజం చివర్లో, మా ఇంట్లోనే. ఆ సాయంత్రం చుట్టాలు వెళ్లాక ఇంటివాళ్లం మాత్రం కూర్చుని సీసా తీయాలని ఒప్పందం. వెళ్లేముందు బావగారు నాకు అప్పజెప్పిన పని ఇది: "బావా, సీసా నాది, పక్కన ప్లేటు నీది. చీజూ గీజూ వద్దు. మనూరి వంటలే కావాలి." గడువు కూడా గట్టిదే. దీపావళి మర్నాటి నుంచి కార్తీకం, ఇక అమ్మ వంటింట్లోకి నీచు రానివ్వదు.

సీసా మీద ఏడాది ఉందంటే ఏమిటో కూడా రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే అందరూ అడుగుతున్నది అదే. మామూలు షాంపేన్‌లో వేరువేరు ఏళ్ల వైన్లు కలుపుతారు. పంట బాగా కుదిరిన ఏడాదే, ఆ ఒక్క ఏడాది రసంతో చేసి సంవత్సరం వేస్తారు. మామూలు సీసా కనీసం పదిహేను నెలలు సెల్లార్‌లో ఉండాలి, సంవత్సరం వేసినది, అంటే వింటేజ్, అయితే మూడేళ్లు. ఇది అంతకు రెట్టింపు పైనే ఉంది. 2012లో అక్కడ వసంతంలో మంచు దెబ్బ, తరవాత వడగళ్లు, వానలకి తెగుళ్లు. ఆగస్టులో ఎండ కాసి పంటని కాపాడింది. కాపు తగ్గింది, వచ్చిన రసం మాత్రం గొప్పగా వచ్చింది. మా రొయ్యల రైతులకి ఒక్క ముక్కలో చెప్పేశాను: సీడు (చెరువులో వేసిన రొయ్యపిల్లలు) సగం పోయినా మిగిలింది ముప్పై కౌంటుకి, అంటే కిలోకి ముప్పై తూగే సైజుకి, వచ్చినట్టన్నమాట. అందరికీ అర్థమైపోయింది.

పని మూడు మెట్లు. అసలు సీసా ఒక్కటే, మూత తీస్తే ఆ పూటే అవ్వాలి, కాబట్టి దాని మీద ప్రయోగాలు కుదరవు. ముందు సోడా నిమ్మరసంతో ఒక వడపోత. నెగ్గినవాటికి నాసిక్ బ్రూట్‌తో (నాసిక్‌లో చేసే, తీపి తక్కువున్న బుడగల వైన్) ఇంకోటి. అందులోనూ నిలబడినవే నిశ్చితార్థం రాత్రికి.

శ్రావణం మొదట్లో, సోడా బల్ల

షాంపేన్ పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) సుమారుగా 3.0కీ 3.2కీ మధ్య ఉంటుంది. చక్కెర లేని సోడా తెచ్చి, నిమ్మరసం చుక్కలుగా వేస్తూ ల్యాబ్ మీటరు 3.1 చూపించేదాకా కలిపాను. ఇందులో ఆల్కహాల్ లేదు, ఈస్టు వాసనలు లేవు. కానీ పులుపు, గ్యాసు ఉన్నాయి. ఏ వంట పక్కన ఈ రెండూ ఎలా ప్రవర్తిస్తాయో చూడ్డానికి అది చాలు. అన్నిటికన్నా లాభం ఏమిటంటే, సోడా కాబట్టి అమ్మ కూడా బల్ల దగ్గరికి వచ్చింది. మా ఇంట్లో అసలైన నాలుక అమ్మది.

మొదట పూతరేకు. ఒక ముక్క కొరికి సోడా తాగి, "ఇందాక బానే ఉందిరా, మళ్లీ నిమ్మకాయ పిండావా?" అంది. ఏమీ పిండలేదు. తీపి తిన్నాక అదే పులుపు ముక్కుకెక్కుతుంది. కాకినాడ కాజా, మామిడి తాండ్ర కూడా అంతే. తీపి వంటలన్నీ ఆ పూటే కొట్టేశాను.

చింతపండు పులుసుది దీనికి తలకిందులు. రెండు ముద్దలు తిని సోడా తాగితే ఇందాకటి పులుపు ఏమైపోయిందో తెలీదు, చప్పటి గ్యాసు నీళ్లు. నాలుక ఒకసారి చింతపండు స్థాయికి అలవాటు పడితే వైన్‌లో ఉన్న పులుపు దానికి ఆనదు. గోంగూర రొయ్యలూ అందుకే పోయాయి. మా ఆవిడ చేతి గోంగూర రొయ్యలంటే వీధి వీధంతా పడిచస్తారు, అయినా పోయాయి.

ఉప్పు మాత్రం మంచి చుట్టం. ఉప్పు పట్టించి వేయించిన జీడిపప్పు తిని తాగితే పులుపు పదును తగ్గి గుండ్రంగా అయింది. నూనె కూడా అంతే. వేడి గారె తిన్న నోరు ఒక్క గుక్కతో శుభ్రమైపోయి ఇంకో గారె అడుగుతుంది. గ్యాసు అంటే బుడగల గిలిగింత మాత్రమే అనుకుంటాం గాని, అది నోట్లో కార్బోనిక్ ఆమ్లంగా మారి, మంటనీ నొప్పినీ పసిగట్టే నరాలనే గిల్లుతుంది. అందుకే కారం ఎక్కువైన కూర మీద సోడా తాగితే చల్లారదు, రేగుతుంది. ఆవ పెట్టిన పనస పొట్టు కూర కూడా ముక్కులోంచి పొగలు రప్పించింది. అమ్మకి కోపం వచ్చింది: "పనస పొట్టు కూర లేకుండా నిశ్చితార్థం ఏమిటిరా, నవ్విపోరూ?" అది మధ్యాహ్నం విస్తట్లోకి, ఇది సాయంత్రం పళ్లెంలోకి అని సర్దిచెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

అనుకోకుండా నెగ్గింది ముద్దపప్పు. ముద్దపప్పు, నెయ్యి, పక్కన అప్పడం. ఎవరూ లిస్టులో రాయలేదు, అమ్మ తన భోజనంలోంచి ఒక ముద్ద పెట్టింది. మెత్తగా, ఉప్పగా, కొవ్వుగా ఉండే ఏ వంటైనా ఈ పులుపుకి పడుతుందని అక్కడే అర్థమైంది. గ్లాసు పట్టుకుని పప్పన్నం తినడం బావగారికి నచ్చదు, అది వేరే సంగతి.

శ్రావణం, నాసిక్ సీసాతో

విశాఖ వెళ్లినప్పుడు కొన్న నాసిక్ బ్రూట్ తీశాం. తయారీ షాంపేన్ పద్ధతే. పులిసిన వైన్‌ని సీసాలో పోసి, లీటరుకు సుమారు 24 గ్రాముల చక్కెరా, ఈస్టూ కలిపి మూత బిగిస్తారు. లోపలే మళ్లీ పులిసి, పుట్టిన గ్యాసు బయటికి పోలేక ఆరు అట్మాస్ఫియర్ల దాకా ఒత్తిడి కడుతుంది. చచ్చిన ఈస్టు మడ్డిగా అడుగున చేరుతుంది. ఆ మడ్డి మీద వైన్ ఎన్నేళ్లు ఉంటే అంతగా కాల్చిన రొట్టె, వేయించిన పప్పుల వాసన పడుతుంది. చివర్లో సీసా తలకిందులు చేసి, మడ్డిని మూతి దగ్గరికి దించి, గడ్డకట్టించి తీసేస్తారు.

తేడా నేలలోనూ, వాతావరణంలోనూ ఉంది. షాంపేన్ సీమ 49 డిగ్రీల అక్షాంశం దగ్గర. అక్కడి చలికి ద్రాక్షలో పులుపు నిలబడుతుంది. నాసిక్ 20 డిగ్రీల దగ్గర. అక్కడ కోత జనవరి నుంచి మార్చి మధ్య, మెరిసే వైన్లకి షెనాన్ బ్లాంక్ ద్రాక్ష ఎక్కువగా వాడతారు. కాబట్టి ఈ సీసా అసలుదానికి నకలు కాదు. ఆల్కహాల్ ఉన్నప్పుడు వంట ఏమవుతుందో చెబితే చాలు.

చెప్పింది కూడా. సోడాతో నెగ్గిన రొయ్యల ఇగురు వైన్‌తో ఓడిపోయింది. మిరపలోని క్యాప్సైసిన్ నోట్లో ఏ మీటని నొక్కి మంట పుట్టిస్తుందో ఆల్కహాల్ కూడా ఆ మీటనే నొక్కుతుంది. రెండూ కలిస్తే మామూలు కారం కూడా గుంటూరు కారమే. మా ఆవిడ కారం సగానికి తగ్గించి మళ్లీ చేసింది. అప్పుడు వైన్ బాగుంది, ఇగురు బాగాలేదు. కారం, మసాలా తీసేసిన ఇగురు ఇగురే కాదని తేల్చి పారేసింది. నేనూ ఒప్పుకున్నాను. వంటని వైన్ కోసం చంపడం కన్నా, పుట్టుకతోనే కారం తక్కువున్న వంటలు వెతకడం మేలు. అప్పటినుంచి ప్రాజెక్టు దారి మారింది. విందు కూరలు పక్కన పెట్టి, సాయంత్రం చిరుతిళ్ల వైపు చూడ్డం మొదలైంది.

పులస

దీనికి విడిగా పేజీ తప్పదు. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత ఉన్న గడ్డ మీద, పులస లేకుండా ప్రాజెక్టు ఏమిటని బావగారి దగ్గరనుంచి రోజూ మెసేజ్. వరదకి ఎర్రనీరు దిగాక సముద్రంలోని ఇలస గుడ్లు పెట్టడానికి గోదావరికి ఎదురీదుతుంది. ధవళేశ్వరం బ్యారేజీ వైపు వచ్చేకొద్దీ దాని రుచి మారి పులస అవుతుంది. ధర సంగతి ఇక్కడ రాయను, అమ్మ చదువుతుంది.

మట్టి దాకలో, బెండకాయలు వేసి, చింతపండు పులుసు పెట్టి, ఒక రాత్రి నిలవ ఉంచి మర్నాడు తిన్నాం. పులుసు పీహెచ్ 4 చుట్టూ ఉంది. అంకె ప్రకారం వైన్ ఇంకా పుల్లన. కానీ చింతపండులో ఆమ్లం మొత్తం ఎక్కువ, నోరు దాన్నే లెక్కపెడుతుంది. వైన్ చప్పబడింది. తరవాత కారం లేచింది. ఆ తరవాత అసలు చిక్కు వచ్చింది. మింగాక నోట్లో ఇనుప రేకు నాకినట్టు నీచు వాసన. పులస కొవ్వు చేప, ముళ్ల మధ్యంతా నూనే. వైన్‌లో కరిగిన ఇనుము చేప కొవ్వుతో కలిస్తే ఈ వాసన పుడుతుందనీ, లీటరుకు 2 మిల్లీగ్రాములు దాటిన వైన్లలో ఇది గట్టిగా తెలుస్తుందనీ జపాన్ పరిశోధకులు 2009లో చూపించారు. వాళ్లు చూసింది ఎండబెట్టిన స్కాలప్‌లతో. పులుసు లేకుండా ఉప్పూ పసుపూ రాసి వేయించిన పులస ముక్కతోనూ అదే వాసన వచ్చింది కాబట్టి, తప్పు చింతపండుది మాత్రం కాదు. చేప గుడ్ల వేపుడు ఒక్కటే కొంత నయం.

బావగారికి ఫోన్‌లో చెప్పాను. "అంటే పులస పనికిరాదంటావా?" అన్నారు, గొంతులో బాధ వినపడింది. "పులసకి వైన్ పనికిరాదండీ," అన్నాను. అలా చెబితే ఒప్పుకున్నారు. నిజానికి నా అభిప్రాయమూ అదే. పులస పులుసు పక్కన అన్నం తప్ప ఇంకేం పెట్టినా దండగే.

భాద్రపదం, రొట్టె, జీడిపప్పు, ఉప్పు పూతరేకు

ఈ నెలలో ప్రాజెక్టుకి ప్రాణం వచ్చింది.

మా ఊళ్లో దిబ్బ రొట్టె తెలియనివాళ్లు ఉండరు. మినప్పిండిలో బియ్యపు రవ్వ కలిపి, మందపాటి మూకుట్లో నూనె వేసి, చేతి మందాన పోసి, మూత పెట్టి, మూత మీద నిప్పులు వేసి, సన్నటి సెగ మీద వదిలేయాలి. తొందరపడితే లోపల పచ్చి. దించేసరికి బయట ముదురు గోధుమరంగు పెళుసు చెక్కు, లోపల దూదిలా మెత్తన. మామూలుగా చెరుకు పానకంతోనో కొబ్బరి చట్నీతోనో తింటారు. పానకం పెడితే తీపి గొడవ మళ్లీ మొదటికొస్తుంది. అందుకని వేడి రొట్టె మీద ఇంటి వెన్న రాసి, రాళ్లుప్పు నలిపి చల్లాం. చెక్కు ముక్క కొరికి వైన్ తాగితే, నాసిక్ సీసాలో అప్పటిదాకా ఆనీ ఆనకుండా ఉన్న కాల్చిన వాసన పైకి వచ్చింది. చెక్కులో ఉన్న వాసనా, మడ్డి మీద ఏళ్లు గడిపిన వైన్ వాసనా ఒక కుటుంబానివే. ఏళ్ల తరబడి మడ్డి మీద ఉన్న 2012 సీసాతో ఇంకెంత బాగుంటుందోనని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మధ్యలో మెత్తటి భాగంతో ఏమీ జరగలేదు, కాబట్టి అంచు ముక్కలే వడ్డించాలి. పిల్లలు అంచుల కోసమే కొట్టుకుంటారు, అది ఇంకో తలనొప్పి.

జీడిపప్పు గురించి పెద్దగా రాయక్కర్లేదు. నరసాపురంలో పంటు ఎక్కి సఖినేటిపల్లి వైపు దాటి మోరి వెళ్లి తెచ్చాను. నేతిలో దోరగా వేయించి ఉప్పు. ఎవరు చేసినా కుదురుతుంది.

ఆత్రేయపురం పూతరేకుని తీపి కింద కొట్టేశాం కదా, కానీ రేకు చేసిన తప్పేమీ లేదు. తప్పంతా పంచదారది, బెల్లానిది. రేకు మటుకు బియ్యపు పిండి నీళ్లలో గుడ్డ ముంచి, కింద మంట ఉన్న బోర్లించిన కుండ మీద లాగితే వచ్చే పల్చటి పొర, అంతే. రుచి దాదాపు లేదు, నోట్లో పడగానే కరుగుతుంది. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. అక్కడ ఒకావిడ దగ్గర ఉట్టి రేకులు కట్టలు కొంటూ, ఉప్పు పూతరేకులు చేస్తానని చెప్పాను. "ఉప్పేంటండీ బాబూ! ఎవరన్నా వింటే నవ్వుతారండి," అని, ఆవిడే ముందు నవ్వింది. తరవాత ఉపాయం కూడా ఆవిడే చెప్పింది. "ఉప్పు రాయి తగిలితే రేకు చిరుగుద్దండి, పొడి గుడ్డలో జల్లించుకోండి. తడిగుడ్డతో అద్దాక ఎక్కువసేపు ఉంచకండి."

అలాగే చేశాం. రేకు తడిగుడ్డతో అద్ది, నెయ్యి పూసి, జల్లించిన ఉప్పు, జీడిపప్పు పొడి, చిటికెడు మిరియం చల్లి మడత. మొదటిసారి మిరియం ఎక్కువై గొంతు పట్టింది, తగ్గించాం. ఇంకో చిక్కు గాలిలో తడి. భాద్రపదంలో చేసి పావుగంట ఉంచితే మెత్తబడి నాలుకకి అంటుకుపోతుంది. వడ్డించే నిమిషంలోనే మడవాలి. ఇది మా ఆవిడ కనిపెట్టిన వంట కింద రాస్తున్నాను, రుజువుగా ఉంటుంది.

ఆశ్వయుజం, పీత, పండుగప్ప, చీరమేను

పీతల ఇగురు కాకుండా ఉట్టి పీత కావాలి. కోరింగ మడ అడవుల వైపు దొరికే పెద్ద మడపీత తెచ్చి, ఉప్పు నీళ్లలో ఉడకబెట్టి, డెక్కలు కొట్టి, మాంసం మీద వెచ్చటి నెయ్యి చుక్కలు. మసాలా తీసేస్తే పీత మాంసంలో తీపి ఎంతుందో మొదటిసారి తెలిసింది. ఆ తీపి పంచదార తీపి కాదు కాబట్టి వైన్‌తో గొడవ పడదు. మా రైతు ఒకాయన చెరువులోంచి వనామీ రొయ్యలు ఇచ్చాడు. లేత కొబ్బరి నీళ్లలో వేసి, రంగు తిరగగానే తీసేశాం. ఇదీ బాగుంది, కానీ పీత ముందు తేలిపోయింది.

పండుగప్ప మెత్తటి తెల్ల చేప, కొవ్వు తక్కువ, పులస చేసిన అల్లరి చేయదు. కొబ్బరిపాలలో కొంచెం అల్లం, గింజలు తీసిన పచ్చిమిర్చి. కొబ్బరి కొవ్వు కారాన్ని తనలో కరిగించుకుంటుంది. వైన్ చల్లగా ఉన్నప్పుడు ఈ కూర బరువనిపించింది, గ్లాసు కాస్త వెచ్చబడ్డాక సరిపోయింది. కాబట్టి దీని వంతు ఆఖర్న.

ఇక చీరమేను. తూర్పు గాలి తిరిగిందని కబురు రాగానే యానాం బయల్దేరాను. చించినాడ వంతెన దాటి, రాజోలు, అమలాపురం, ముమ్మిడివరం మీదుగా వెళ్లి ఎదుర్లంక వంతెన ఎక్కితే యానాం. 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న ఊరు. ఫ్రెంచి వైన్ పక్కకి యానాం చీరమేను తేవడం బావగారికి తెగ నచ్చేసింది. గోదావరి ఒడ్డున తెల్లవారుజామునే వేలం పాట మొదలవుతుంది. వెంట్రుక మందాన, అద్దంలా కనిపించే చేపపిల్లలు. తూచరు, కొలతతో అమ్ముతారు. పల్చటి గుడ్డలో వేసి ఇసుక పోయేదాకా కడుక్కోవాలి. మామూలుగా మసాలా పెట్టి వండుతారు, లేకపోతే గారెలు వేస్తారు. ఉల్లిపాయ, కొత్తిమీర కలిపి, మిర్చి తగ్గించి గారెలు వేశాం. నాసిక్ వైన్‌తో తింటే ఇంటిల్లిపాదీ చప్పట్లే. ఉప్పు, నూనె, కరకర, చేపలోని లేత తీపి, వైన్‌కి కావలసినవన్నీ ఒకే ముక్కలో ఉన్నాయి. మొదటి గ్లాసుకి ఇదే అని రాసేసుకున్నాను.

నిశ్చితార్థం ముందు రోజు, గ్లాసులు, ఐసు

పొడుగు ఫ్లూట్ గ్లాసులు చూడ్డానికి బాగుంటాయి, ముక్కు పెట్టడానికి చోటుండదు. వెడల్పాటి కూప్ గ్లాసులో వాసనా, గ్యాసూ రెండూ తొందరగా పోతాయి. మామూలు తెల్లవైన్ గ్లాసే మేలు, పొట్ట వెడల్పుగా ఉండి మూతి సన్నగా ఉంటుంది. సబ్బు జిడ్డు మిగిలితే నురగ చచ్చిపోతుంది కాబట్టి వేడినీళ్లతోనే కడిగాం. మా బోరునీళ్లు ఆరితే తెల్ల మరకలు, అందుకని ఆఖరి కడుగు ల్యాబ్ డిస్టిల్డ్ వాటర్‌తో. తరవాత శుభ్రమైన నూలుగుడ్డతో తుడిచాం. గుడ్డ పోగులు అంటుకుంటాయని అక్క అంటే, కొంచెం అంటుకుంటేనే మంచిదన్నాను. గ్లాసులో బుడగల గొలుసులు లేచేది గాజులోంచి కాదు, గ్లాసుకి అంటుకున్న సన్నటి సెల్యులోజ్ పోగుల్లో చిక్కుకున్న గాలి నుంచి. ఫ్రాన్స్‌లోని రాంస్ (Reims) విశ్వవిద్యాలయం భౌతికశాస్త్రవేత్త జెరార్ లిజే-బెలేర్ కెమెరా పెట్టి చూపించిన సంగతి ఇది.

చల్లబరచడానికి రొయ్యలు పంపే థర్మాకోల్ పెట్టె, ఐస్ ఫ్యాక్టరీ దిమ్మ పగలగొట్టిన ముక్కలు, అంతే మోతాదు నీళ్లు. నీళ్లు లేకుండా ఉట్టి ఐసులో పెడితే సీసాకి అక్కడక్కడే తగులుతుంది, చల్లబడ్డం ఆలస్యం. మామూలు షాంపేన్ 8 డిగ్రీల దగ్గర బాగుంటుంది. వింటేజ్‌కి 10, 12 మధ్య కావాలి, మరీ చల్లనైతే వాసనలు లేవవు. గదిలో ఏసీ ఉన్నా మన గాలికి గ్లాసు చాలా త్వరగా వెచ్చబడుతుంది. అందుకే కొద్దికొద్దిగా పోయడమే మార్గం.

ఆ రాత్రి

బావగారు పెళ్లి పందిట్లో టపాకాయ పేల్చినట్టు మూత ఎగరగొడదామన్నారు. కుదరదన్నాను. లోపల ఆరు అట్మాస్ఫియర్ల ఒత్తిడి, ఎదురుగా అమ్మ ఫొటోల అద్దాల గోడ. తీగ ఆరు అరచుట్లు విప్పి, బొటనవేలు మూత మీదనుంచి తీయకుండా, సీసా వాల్చి పట్టుకుని, మూత కదపకుండా సీసానే తిప్పాను. చిన్న నిట్టూర్పు చప్పుడు, ఒక్క చుక్క వృథా కాలేదు. థర్మామీటర్ ప్రోబ్ పెడితే గ్లాసులో 10.5 డిగ్రీలు.

రంగు లేత బంగారం. నాసిక్ వైన్ కన్నా బుడగలు సన్నం, నురగ తక్కువ, త్వరగా తగ్గిపోయింది. పాత సీసాల్లో గ్యాసు ఏళ్ల తరబడి కార్కు పక్కనుంచి కొంచెం కొంచెం పోతూ ఉంటుంది కాబట్టి ఇది ఊహించినదే. ముక్కు పెడితే ముందు నిమ్మ తొక్క, తరవాత కాల్చిన రొట్టె, వెనకాల వేయించిన బాదం. గ్లాసు వెచ్చబడే కొద్దీ కొంచెం తేనె. నోట్లో మాత్రం వయసు కనబడలేదు. పులుపు నిటారుగా ఉంది, మింగాక చాలాసేపు సుద్ద తాలూకు ఉప్పదనం మిగిలింది.

చీరమేను గారె పెట్టాం. ఇక్కడ లెక్క తప్పింది. నాసిక్ వైన్‌తో చప్పట్లు కొట్టించిన గారె, దీని వాసనని పూర్తిగా కప్పేసింది. ఉల్లిపాయది ఆ పని. వయసొచ్చిన వైన్ గొంతు చిన్నది, పక్కన ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. మా ఆవిడ లేచి వెళ్లి, మిగిలిన చీరమేనుని ఉల్లీ పప్పూ లేకుండా ఉప్పు, బియ్యప్పిండితో పొడిపొడిగా వేయించి తెచ్చింది. అప్పుడు కుదిరింది. కుదరడం కాదు, బావగారు పళ్లెం తన వైపుకి లాక్కున్నారు.

దిబ్బ రొట్టె అంచు అనుకున్న దానికన్నా ఎక్కువే చేసింది. వెన్నా ఉప్పూ పులుపుని దించితే, చెక్కు వాసన వైన్‌లోని రొట్టె వాసనని పట్టుకుని చాలాసేపు వదల్లేదు. అక్క ఫ్రాన్స్‌లో ఉన్నన్నేళ్లూ ఈ వైన్‌తో ఏదో ఒకటి తింటూనే ఉందట, "ఇది ఇన్నాళ్లూ తోచలేదేంటే?" అని మా ఆవిణ్ని అడిగింది. ఉప్పు పూతరేకుకి ఓట్లు చీలాయి. నాకు నచ్చింది. నేతి వాసన ఎక్కువైందని బావగారు. నెయ్యి సగం చేస్తే ఇద్దరమూ ఒకే మాట మీదకి వస్తామని నా నమ్మకం. పీత నిరాశపరచలేదు, పండుగప్ప వచ్చేసరికి సీసాలో మిగిలింది ఒక గుక్క. సోడా గ్లాసుతో అమ్మ అన్నీ రుచి చూసి, రొట్టెకి మొదటి మార్కు వేసింది. వైన్ తాగకుండానే మా అందరి తీర్పుతో ఏకీభవించింది.

గ్లాసులు తీసేశాక విస్తళ్లు వేశాం. కొరమేను పులుసు, గోంగూర రొయ్యలు, కారం తగ్గించకుండా.

వచ్చే ఏటికి

తీపి పూతరేకుని ఊరికే వదలకూడదు. లీటరుకు 32 నుంచి 50 గ్రాముల చక్కెర ఉండే డెమి-సెక్ షాంపేన్ తెమ్మని బావగారికి చెప్పాను. వైన్ తీపి పూతరేకు తీపిని అందుకోగలదా లేదా అన్నది చూడాలి. పంచదార రకం అందకపోవచ్చు, బెల్లం తక్కువ వేసి చేయించుకుంటే అందవచ్చు. ఆత్రేయపురం ఆవిడకి ముందుగానే చెప్పి ఉంచాలి. చీరమేను ఈసారి దీపావళికి ముందే దొరికింది, వచ్చే ఏడాది గాలి ఆలస్యమైతే కార్తీకంలో పడుతుంది. అప్పుడు వేపుడు ల్యాబ్ వెనక షెడ్డులో, అమ్మకి తెలియకుండా. ఇన్‌క్యుబేటర్‌ని మళ్లీ 30 డిగ్రీలకి పెట్టేశాను, విబ్రియో (రొయ్యలకి రోగం తెచ్చే బాక్టీరియా) పరీక్ష ప్లేట్లు క్యూలో ఉన్నాయి.